కర్త లేని జ్ఞాపకాలు

బాల్యం గురించి తెలుగులో వచ్చిన వ్యాసాల్ని, కథల్ని ఓ ఇరవై ముప్పై ఒకచోట పెట్టుకుని వరసగా చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆదివారం అనుబంధాలు కావచ్చు, దీపావళి ప్రత్యేక సంచికలు కావచ్చు, సొంత ఊరి పేరు పెట్టుకుని వచ్చిన కథల పుస్తకాలు కావచ్చు, వాటిల్లో ఇంటి వస్తువుల జాబితా దాదాపు ఒక్కటే. తెల్లవారుజామున మజ్జిగ కవ్వం చప్పుడు, రుబ్బురోలు గరగర, కట్టెల పొయ్యి మీద కాగే నీళ్ళు, పంపు స్టవ్ బుసబుస, గూట్లో రేడియో, డాబా మీద యాంటెన్నా తిప్పడం, క్యాసెట్‌లో చిక్కుపడ్డ రీలుని పెన్సిలుతో చుట్టడం. ఇవి చదువుతుంటే నాకూ హాయిగానే ఉంటుంది. నేను పెరిగింది తొంభైల్లో. రోలు పెరట్లోకి వెళ్ళిపోయి, మిక్సీ వంటింటి గట్టెక్కిన కాలం అది. కాబట్టి ఈ జాబితాలో సగం నాకు స్వయంగా తెలుసు, మిగతా సగం అమ్మా నాయనమ్మల మాటల్లో తెలుసు.

అయితే సాహిత్య విద్యార్థిగా నన్ను ఆపింది జాబితా కాదు, అందులోని వాక్యాల నడక. గమనించండి. 'రుబ్బురోలు చప్పుడుకి మెలకువ వచ్చేది.' 'పొయ్యి మీద నీళ్ళు కాగుతుండేవి.' 'వంటింట్లోంచి కాఫీ వాసన వచ్చేది.' ఇవి ఏ ఒక్క రచయితవీ కావు, ఈ తరహా రచనలన్నిటికీ ఉమ్మడి వాక్యాలు. చప్పుడు వినిపిస్తుంది, వాసన వస్తుంది, నీళ్ళు కాగుతాయి. అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. మెలకువ వచ్చేది పిల్లవాడికి. మరి ఆ చప్పుడు చేస్తున్న మనిషికి ఎప్పుడు మెలకువ వచ్చింది? ఆ ప్రశ్నకి వాక్యంలో చోటు లేదు. ఎందుకంటే ఆ వాక్యానికి కర్త లేదు.

వ్యాకరణంలో ఇదేం తప్పు కాదు. తెలుగు అకర్మక క్రియకి ఆ సౌలభ్యం ఉంది. కానీ ఇదే పుస్తకాల్లో నాన్న సైకిలు తుడిస్తే నాన్నే తుడుస్తాడు. మామయ్య టేప్ రికార్డర్ విప్పి బాగుచేస్తే మామయ్యే బాగుచేస్తాడు. తాతయ్య రేడియో స్టేషన్ పట్టుకోడానికి మర తిప్పితే ఆ వేళ్ళ వర్ణన కూడా ఉంటుంది. కర్త మాయమయ్యేది ఎక్కువగా వంటింటి వాక్యాల్లోనే. స్త్రీల ఇంటి చాకిరీని 'అదృశ్య శ్రమ' అని మనం ఎన్నో ఏళ్ళుగా అంటున్నాం. అది ఎలా అదృశ్యమవుతుందో ఈ వాక్యాలు పట్టి చూపిస్తాయి.

'నోస్టాల్జియా' అన్న మాట 1688లో పుట్టింది. యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇల్లు వదిలి దూరప్రాంతాల్లో ఉన్న స్విస్ యువకులకి వచ్చిన జబ్బుకి ఆ పేరు పెట్టాడు. అంటే మొదటినుంచీ అది ఇల్లు వదిలి వెళ్ళినవాడి బాధ. చదువుకో, ఉద్యోగానికో, అమెరికాకో వెళ్ళినవాడికి వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటిని కదలకుండా నిలబెట్టిన మనిషికి తిరిగి చూసుకునే దూరం ఎక్కడిది? ఇల్లు వదిలి వెళ్ళడం అనే అనుభవం నిజానికి ఆడపిల్లకే ఎక్కువ. పెళ్ళవగానే వదలాలి. కానీ ఆమె బాధకి మనం పెట్టుకున్న పేరు 'పుట్టింటి మీద బెంగ'. బెంగ పెట్టుకున్న కోడల్ని నాలుగు రోజులు పుట్టింటికి పంపి తీసుకొస్తారు. అంతేగాని ఆ బెంగకి ఒక సాహిత్య ప్రక్రియ హోదా రాలేదు.

2001లో స్వెత్లానా బోయిమ్ ఈ విషయం మీద రాసిన పుస్తకంలో గతబెంగని రెండు రకాలుగా విడదీసింది. ఒకటి, పోయినదాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టుకోవాలని చూసేది. రెండోది, పోయినదాని గురించి ఆలోచించేది, తన బెంగని తానే అనుమానించగలిగేది. మన బాల్య స్మృతుల్లో ఎక్కువ భాగం మొదటి రకమే. రెండో రకానికి తెలుగులో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. మనమంతా దాన్ని వంటింటి నిరసన కవితగానే చదివాం గాని, బాల్య స్మృతిగా చదవలేదు.

నేను చెబుతున్నది విమల 'వంటిల్లు' గురించి. 1993లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండో సంపుటంలో ఇంగ్లీషులోకి వెళ్ళి దేశమంతా చదివిన కవిత ఇది. చివర్లో వంటగదుల్ని ధ్వంసం చేద్దామన్న పిలుపు అందరికీ గుర్తే. ఆ పిలుపు ముందు ఏముందో ఒకసారి మళ్ళీ చూడండి. కవిత మొదలయ్యేది అచ్చం మన ఆదివారం వ్యాసంలాగానే. నోరూరించే వాసనలు, మజ్జిగ చిలికే చప్పుడు, పిల్లల ఆటలు, వంటిల్లొక అద్భుతలోకం. అది చిన్నపిల్ల కళ్ళతో చూసిన వంటిల్లు. గతబెంగ రాసేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. విమల ఆగదు. ఆ పిల్ల పెద్దదవుతుంది. ఆటస్థలం అనుకున్నచోటే తనకి శిక్షణ మొదలైందని తెలుసుకుంటుంది. వంటింటిని మహారాణిలా ఏలిన అమ్మ గిన్నెల మీద నాన్న పేరుందని గమనిస్తుంది.

తర్వాతి భాగం మన విషయానికి మరీ దగ్గర. కవితలో మాట్లాడే స్త్రీ కూడా 'మంచి' వంటింట్లోనే పడింది. గ్యాసు పొయ్యి, గ్రైండరు, సింకు, టైల్సు అన్నీ ఉన్నాయి. అమ్మ చేసిన పాతకాలపు పిండివంటల బదులు కేకులు, పుడ్డింగులు చేస్తోంది. గిన్నెల మీద మాత్రం ఇప్పుడు భర్త పేరు. ఇంతకన్నా క్లుప్తంగా ఇంటి సాంకేతికత చరిత్రని ఎవరైనా చెప్పారా? పరికరం మారింది, వంటకం మారింది, పేరు మారింది. చెయ్యి మారలేదు.

అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కొవాన్ 1983లో ప్రచురించిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' చెప్పింది దాదాపు ఇదే. ఇంట్లోకి యంత్రాలొచ్చాక పని బరువు తగ్గిందేమో గాని గంటలు తగ్గలేదు, ఎందుకంటే యంత్రంతో పాటు ఇంటి మీద అంచనాలు కూడా పెరిగాయి అంటుందామె. దీన్ని మన వంటింట్లో పెట్టి చూద్దాం. కోయంబత్తూరులో విద్యుత్ గ్రైండరు 1950ల్లో మొదలైంది. 1963లో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు, తన భార్య వాడుతున్న విదేశీ మిక్సీ మన వంటకి తట్టుకోలేక పాడైతే, మన పప్పుల్నీ మసాలాల్నీ నలగ్గొట్టగల మోటారుతో మిక్సీ తయారుచేశాడని చెబుతారు. అదే సుమీత్. ఈ కథలో భార్య అవసరం, భర్త ఆవిష్కర్త. కుక్కర్ ప్రకటనలు ఇంకో అడుగు ముందుకెళ్ళి, భార్యని ప్రేమించేవాడు ఆ కుక్కర్ని కాదనలేడని పాడాయి. అంటే ఆమె పని తేలిక కావడం ఆమె హక్కు కాదు, ఆయన ప్రేమకి గుర్తు.

మరి పని తేలికైందా? అయింది, అందులో అబద్ధం లేదు. మా నాయనమ్మని ఎవరైనా మళ్ళీ రోలు దగ్గర కూచోమంటే ఊరుకునేది కాదు. కానీ ఆమె రోజుల్లో ఇడ్లీ పండగ పూటో, చుట్టాలొస్తేనో చేసేది. మామూలు రోజుల్లో పొద్దున పిల్లలకి చద్దన్నం, మజ్జిగ, ఊరగాయ. గ్రైండరు వచ్చాక మా అమ్మకి ఇడ్లీ, దోసె రోజువారీ పనయ్యాయి. దానికి రెండు రకాల చట్నీలు. చద్దన్నానికి పొయ్యి వెలిగించక్కర్లేదు. టిఫినుకి ముందురోజు పప్పు నానబెట్టడం నుంచి పని మొదలు. 'ఇప్పుడు మిక్సీ ఉందిగా, ఎంతసేపు' అన్న మాట మా ఇంట్లో నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఆ మాట అన్నది ఎప్పుడూ మిక్సీ వెయ్యని మనుషులే. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేస్తున్నవారిలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మిక్సీ, కుక్కర్, గ్యాసు, వాషింగ్ మెషీన్ ఇన్ని వచ్చాకా లెక్క ఇది.

అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' కథ ఈ లెక్కని ఏనాడో చెప్పింది. కడుపునిండా నిద్రపోవాలన్న కోరిక తప్ప ఇంకేదీ లేని గృహిణి కథ అది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి అయితే ఇల్లు అలికి అలికి తన పేరే మర్చిపోతుంది. ఈ రెండు కథలు ఎత్తిచూపింది నిద్రనీ, పేరునీ. బాల్య స్మృతుల్లోని అమ్మకి లేనివి కూడా సరిగ్గా ఈ రెండే. ఆమె ఎప్పుడూ అందరికన్నా ముందు లేచే ఉంటుంది, ఆమెని అమ్మ అని తప్ప ఇంకో పేరుతో ఎవరూ పిలవరు.

ఇక రేడియో సంగతి. గతబెంగ సాహిత్యంలో రేడియోది రాజపీఠం. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది, హైదరాబాదులో అంతకుముందే దక్కన్ రేడియో ఉంది. క్రికెట్ కామెంటరీ, బినాకా గీత్‌మాలా, వార్తలు చదివే గొంతులు, సంక్రాంతి నాటకాలు, ఇవన్నీ బోలెడన్నిసార్లు చదివాం. మధ్యాహ్నం వచ్చే స్త్రీల కార్యక్రమం మాత్రం ఈ స్మృతుల్లో అరుదు. అది వచ్చేవేళకి పిల్లవాడు బళ్ళో ఉంటాడు, నిజమే. కానీ ఆ ఒక్క వేళే రేడియో మర ఆడవాళ్ళ చేతిలో ఉండేది. రేడియో లైసెన్సులుండే రోజుల్లో మా ఇంటి పుస్తకం తాతయ్య పేరున ఉంది. ట్రంకుపెట్టె అడుగున ఈమధ్యే చూశాను. గిన్నెల మీద పేరున్నట్టే.

అయినా రేడియో ఆడవాళ్ళకి మేలు చేసింది. అది కళ్ళని అడగలేదు, చెవుల్ని మాత్రమే అడిగింది. బియ్యం ఏరుతూ, కూర తరుగుతూ వినొచ్చు. పైగా అవతల మాట్లాడేది కూడా ఆడగొంతే. న్యాయపతి కామేశ్వరి, తురగా జానకీరాణి 'రేడియో అక్కయ్య'లుగా ఇంటింటికీ తెలుసు. శారదా శ్రీనివాసన్ తన రేడియో అనుభవాల్ని పుస్తకంగా రాసింది. అంటే ఇంటి వస్తువుల్లో ఒక్క రేడియో విషయంలోనే మనకి యంత్రానికి అటూ ఇటూ ఆడవాళ్ళు కనిపిస్తారు. దీన్ని బాల్యస్మృతిగా రాసేవాళ్ళు 'రేడియో అక్కయ్య'ని ముద్దుగా తలుచుకుంటారే తప్ప, ఆమె ఒక ఉద్యోగిని, రచయిత్రి, ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి వెలిగించిన మనిషి అన్న ఆలోచన రానివ్వరు.

టీవీ ఈ సౌకర్యాన్ని లాగేసుకుంది. దానికి కళ్ళు కావాలి. 1987-88లో ఆదివారం పొద్దున 'రామాయణ్' వచ్చే వేళకి వీధులన్నీ ఖాళీ అయిపోయేవని అందరూ రాస్తారు. ఆ వేళకల్లా టిఫిను పెట్టి, గిన్నెలు సర్ది, వచ్చిన చుట్టుపక్కలవాళ్ళకి చాపలు పరిచింది ఎవరని మాత్రం రాయరు. నా చిన్నప్పుడు మా అమ్మ టీవీని కూచుని చూసిన జ్ఞాపకం నాకు తక్కువ. వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక చెవి పొయ్యి మీద పెట్టి చూసేది. ప్రకటన రాగానే లోపలికి వెళ్ళేది. నేను సీరియల్ చూశాను, ఆమె సీరియల్లో ముక్కలు చూసింది.

ఇప్పటిదాకా చెప్పింది ఇంట్లో వస్తువున్న ఇళ్ళ సంగతి. గతబెంగకి కులం, వర్గం కూడా ఉన్నాయి. 'మా ఇంట్లో టీవీ వచ్చిన రోజు ఊరంతా మా వాకిట్లోనే' అని గర్వంగా రాసే వాక్యంలో ఆ 'ఊరంతా' ఎవరు? ఎవరు చాప మీద కూచున్నారు, ఎవరు అరుగు మీద, ఎవరు కిటికీ బయట నిలబడ్డారు? కిటికీ బయట నిలబడ్డ పిల్ల తన బాల్యాన్ని రాస్తే అందులో టీవీ ఎలా కనిపిస్తుంది? గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనల్ని ఒకచోటికి తెచ్చాక, 'మన చిన్నప్పుడు' అనే మాటలోని 'మన' ఎవరిదన్న ప్రశ్నని తప్పించుకోలేం.

వడ్లు దంచే విషయం తీసుకోండి. దంపుడు బియ్యం రుచి మీద ఎన్ని వ్యాసాలొచ్చాయో లెక్కలేదు. ఆసామి ఇళ్ళల్లో రోకలి పట్టింది చాలాచోట్ల కూలికి వచ్చిన ఆడవాళ్ళు. రైతింటి కోడలికి మిల్లు విడుదల అయితే, ఈ ఆడవాళ్ళకి అది కూలి పోవడం. ఒకే యంత్రం ఇద్దరు ఆడవాళ్ళకి రెండు రకాలుగా వచ్చింది. దంపుడు పనిని కాపాడటానికని మిల్లుల మీద 1958లో కేంద్రం ఒక నియంత్రణ చట్టం చేసింది, 1997లో దాన్ని ఎత్తేశారు. మిల్లు ముందు ఆ చట్టం ఏమంత నిలబడలేదు. ఇప్పుడు పట్నంలో ఎక్కువ ధర పెట్టి కొంటున్న దంపుడు బియ్యం సంచి మీద పల్లెటూరి స్త్రీ బొమ్మ ఉంటుంది, కూలి పోయిన స్త్రీ కథ ఉండదు.

ఇంకో సంగతి. కట్టెల పొయ్యి మీద వండిన పప్పు రుచి గురించి రాసేవాళ్ళకి ఆ పొయ్యి గతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వంటకి శుభ్రమైన ఇంధనం వాడుతున్న ఇళ్ళు దేశంలో 58.6 శాతం. అంటే మిగతా ఇళ్ళల్లో ఆ సర్వే నాటికి కూడా పొగే. ఒకరి తీపి జ్ఞాపకం ఇంకొకరి ఇవాళ్టి దగ్గు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల, రెండూ గ్యాసు కనెక్షన్ని ఆడవాళ్ళ పేరున ఇచ్చాయి. గిన్నె మీద లేని పేరు గ్యాసు పుస్తకం మీద వచ్చిందని సంతోషించాల్సిందే. సిలిండరు మళ్ళీ నింపించే డబ్బు ఎవరి చేతిలో ఉందన్నది ఆ తర్వాతి ప్రశ్న.

గతబెంగ కథల్లో అందరికీ ఇష్టమైన 'మిథునం' గురించి మాట్లాడకుండా ఈ చర్చ పూర్తికాదు. శ్రీరమణ కథ ఎంత చదివారో, 2012లో తనికెళ్ళ భరణి తీసిన సినిమాని అంతగా చూశారు. పెరడు, పాడి, పొయ్యి, రోలు, తింటూ మురిసిపోయే అప్పదాసు, వండి పెట్టే బుచ్చిలక్ష్మి. యంత్రాలకు దూరంగా ఉన్న స్వర్గంలాంటి ఇల్లది. దీన్ని పితృస్వామ్య కథ అని ఒక్క మాటలో తోసెయ్యడం నాకిష్టం లేదు, ఎందుకంటే కథే తన గుట్టు తాను విప్పేస్తుంది. చివర్లో అప్పదాసు పోయాక, ఆయనే ముందు పోవాలని తాను కోరుకున్నానంటుంది బుచ్చిలక్ష్మి. తను ముందు పోతే ఆయన ఆలనాపాలనా చూసేవాళ్ళుండరని ఆమె భయం. పుణ్యస్త్రీగా పోవడాన్ని మించిన వరం లేదని నేర్పిన సంస్కృతిలో ఒక స్త్రీ ఆ వరాన్ని వదులుకుంది. కారణం ప్రేమేనని మనం కళ్ళు తుడుచుకుంటాం. ప్రేమే, కాదనను. కానీ అది ఉద్యోగం వదల్లేని మనిషి మాట కూడా. చావులో కూడా సెలవు అడగలేని ఉద్యోగం. ఆ చివరి మాట వినిపించాక, కథ మొదటికి వెళ్ళి ఒక్కో వంటకం వెనకా ఆమె ఎంతసేపు పొయ్యి దగ్గరుందో లెక్కేసుకుంటూ చదివితే అది వేరే కథ అవుతుంది.

అయితే ఆడవాళ్ళకి గతబెంగ ఉండకూడదా? ఉంటుంది, ఉంది కూడా. ఒకసారి మా నాయనమ్మని తిరగలి గుర్తొస్తుందా అని అడిగాను. "తిరగలెందుకే గుర్తు రావడం, భుజాలు లాగేసేయి. ఎదురుగా మా తోడికోడలు కూచునేది చూడు, ఆవిడ గుర్తొస్తది" అంది. కందులు విసరాలంటే ఇద్దరు ఎదురెదురుగా కూచుని ఒకే పిడి పట్టుకోవాలి. ఆ గంటసేపు అత్తగారు పిలవదు, పని జరుగుతోంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు. కష్టం సుఖం చెప్పుకోడానికి దొరికిన చోటు అది. తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు పుట్టింది అక్కడే. బిరుదురాజు రామరాజు, నాయని కృష్ణకుమారి వంటివారు జానపద గేయాల్ని సేకరించి పరిశోధించారు కనుక అలాంటి పాటలు కొన్ని పుస్తకాల్లోనైనా మిగిలాయి. మిక్సీ చప్పుడులో పాట పాడలేం, ఎదురుగా ఇంకో మనిషి కూచోవాల్సిన అవసరమూ లేదు. యంత్రం పనిని తేలిక చేస్తూనే ఆడదాన్ని వంటింట్లో ఒంటరిని చేసింది. మా నాయనమ్మ బెంగ రాయి మీద కాదు, తోడు మీద. ఆమె వాక్యంలో కర్త ఉంది చూశారా? 'ఆవిడ కూచునేది.'

అందుకని గతబెంగని వెలివేద్దామని నేననడం లేదు. దాని వాక్యాన్ని సరిచేద్దామంటున్నాను. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ళ గొంతుల్లోనే వినిపించింది. పోరాటం గురించి అడిగినట్టే రోలు గురించి, రేడియో గురించి, మొదటి గ్యాసు పొయ్యి గురించి కూడా మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగాలి. మిక్సీ కొన్న రోజున ఇంట్లో ఎవరు ఏమన్నారు? ఆ మిగిలిన గంట ఎటు పోయింది? రోకలి పట్టిన ఆవిడ ఆ తర్వాత ఏ పనికి వెళ్ళింది? ఇవి అడిగే వయసువాళ్ళం మనం ఉన్నాం, చెప్పే వయసువాళ్ళు మాత్రం రోజురోజుకీ తగ్గిపోతున్నారు.

ఈ లోపు మనం చెయ్యగలిగిన చిన్న పని ఒకటుంది. పాఠం చెప్పేటప్పుడు గాని, సమీక్ష రాసేటప్పుడు గాని, మన బాల్యం మనమే రాసుకునేటప్పుడు గాని, 'వాసన వచ్చేది' అన్న వాక్యం ఎదురైతే ఒక్క క్షణం ఆగుదాం. ఎవరు వండితే వచ్చింది అని రాద్దాం. ఆమె పేరు కూడా రాద్దాం.